అండాలు గిన్నెలో పోసిన బీరు

ఉదయం ఆరున్నరకు హైదరాబాదులో విజయవాడ వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. నాకు పని ఉన్నది మిర్యాలగూడలో. సికింద్రాబాదులో రైలెక్కితే తిన్నగా అక్కడే దిగవచ్చు. అయినా సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లాలనుకున్నాను. 1989 ఎండాకాలంలో ఇదే దారిలో తిరిగి ఒక వ్యాసం రాశాను కనుక, ఆ దారినే మళ్లీ చూసి తప్పొప్పులు సరిచూసుకోవాలని ఒక కారణం. రెండో కారణం చెప్పుకోవడానికి అంత బాగుండదు. మిర్యాలగూడ ఎంత ఆలస్యంగా వస్తే అంత మేలనిపించింది.

ఆ వ్యాసం బీరు గురించి. బీరు ఇష్టపడే వాడికి ఏ ఊరు మంచి ఊరు అన్నది విషయం. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అనే మూడు ఊళ్లనూ పోల్చి, చల్లదనం, తినుబండారం, కూర్చునే చోటు అని మూడు లెక్కలు పెట్టుకుని, మిర్యాలగూడకు మొదటి స్థానం ఇచ్చాను. స్టేషన్ రోడ్డులోని ఒక వైన్‌షాపును, దాని పక్కనే చేపలు వేయించి అమ్మే అండాలు అనే ఆవిడను పేరు పెట్టి రాశాను. ఆవిడ పక్కన ఒక సత్తు గిన్నె ఉండేది. వచ్చినవాళ్లలో చాలామంది సీసా తెరవగానే ఒక గుక్కెడు అందులో పోసి, తర్వాతే తాము తాగేవారు. నేను ఇలా రాశాను: "ప్రతి సీసాలోనూ అండాలమ్మకు వాటా ఉంది. సాయంత్రానికి గిన్నె ఖాళీ, ఆమె కళ్లు ఎరుపు." రాసేటప్పుడు నాకే నవ్వొచ్చింది. పత్రిక వారికీ నచ్చింది.

ఈ మధ్య మిర్యాలగూడ నుంచి మా ఆఫీసుకు బదిలీ మీద శంకర్ అనే కుర్రవాడు వచ్చాడు. క్యాంటీన్లో టీ తాగుతూ, ఎవరో తన గ్లాసులో వాటా అడిగితే, "ఏందన్నా, సీసల వాటా అండాలు లెక్క జేస్తున్నవ్!" అన్నాడు. ఎవరా అండాలు అని అడిగాను. వాళ్ల ఊళ్లో అదొక ఊతపదమట. ఎప్పుడో పత్రికలో పడిందట. ఆవిడ ఇప్పుడు చేపలు మానేసి రైస్ మిల్లులో పనిచేస్తోందట, అత్తింటివారు గడప తొక్కనివ్వడం లేదట. ఆ రాసింది నేనేనని అతనికి తెలియదు. నేను చెప్పలేదు. తర్వాతి శనివారానికి సెలవు పెట్టుకున్నాను.

తొమ్మిదిన్నరకు బస్సు సూర్యాపేటలో ఆగింది. స్టాండు బయట ఇడ్లీ తిని, పాత వైన్‌షాపు వెతికాను. 1989లో ఇక్కడ కరెంటు కోతలు ఎక్కువ. ఫ్రిజ్జుండీ లేనట్టే. అందుకని ఇనుప డ్రమ్ములో ఐసు దిమ్మలు వేసి, చుట్టూ వరి ఊక దట్టించి, సీసాలు అందులో పాతిపెట్టేవారు. సీసా బయటికి తీస్తే ఊక అంటుకుని గొంగళిపురుగులా ఉండేది. తుడిచి ఇచ్చేవారు. నడుమ మద్యనిషేధం వచ్చింది, పోయింది. ఇప్పుడు అద్దాల తలుపుల ఫ్రిజ్జులు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రమ్ము లేదు. దుకాణం అప్పుడే తెరిచారు. గడప ముందు నీళ్లు చల్లుతున్న మనిషిని ఊక సంగతి అడిగితే, "ఊకనా? ఇగ గదంత ఖతమైంది సారూ" అన్నాడు. సూర్యాపేట గురించి నేను రాసినదాంట్లో చల్లదనానికి సంబంధించిన మాట ఇప్పుడు చెల్లదు. పల్లీలు మాత్రం అప్పటిలాగే ఉప్పునీళ్లలో ఉడకబెట్టి, పొట్లం కట్టి ఇస్తున్నారు.

కోదాడ బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. లారీ డ్రైవరుగా పనిచేసి మానేశాడట. నేను దుకాణం ముందు నిలబడి ఉండగా చూసినట్టున్నాడు.

"పొద్దుగాల్నే వైన్‌షాపు కాడ ఏం పనయ్యా?"

"చూడటానికి వెళ్లాను. తాగలేదు."

"సూసుడుకు గాడ ఏముంటది? గుడా, గోపురమా?" అని కిటికీ వైపు తిరిగి నవ్వుకున్నాడు. మళ్లీ తనే అన్నాడు: "మేం గూడ తాగెతందుకు ఆగేటోళ్లం. సల్లగున్న కాడ గాదు, లారీని సూసుకునేటోడు ఉన్న కాడ ఆగేటోళ్లం. తాగి పండుకుంటే టార్పాలిన్ కోసుకపోతరు."

నా మూడు లెక్కల్లో ఇది లేదు.

కోదాడలో దిగేసరికి పదకొండు దాటింది. ఇక్కడికి వచ్చేసరికి మాట మారుతుంది. హోటలు యజమాని నన్ను "అండీ" అని పిలిచాడు. పుట్టింది తెనాలి వైపు కనుక ఆ పిలుపు వినగానే నాకు ప్రాణం తేలికపడింది. బహుశా 1989లోనూ అలాగే పడి ఉంటుంది. కోదాడ గురించి నేను రాసిన పేరాలో ఒక్క వెక్కిరింపు కూడా లేదు. భోజనం బాగుంది. గోంగూర రెండోసారి కూడా అడక్కుండానే వేశారు. పర్మిట్ రూమ్ ఇప్పుడు మేడ మీదికి మారింది. చీకటి గది, ఎర్ర బల్బు, ఎవరి ముఖం ఎవరికీ కనపడకుండా కూర్చునే ఏర్పాటు. "ఫ్యామిలీలోళ్లు రోడ్డు మీద తాగితే బాగోదు కదండీ" అన్నాడు యజమాని. అక్కడ తాగదలచుకున్నవాళ్లు ఆ చీకటి సంగతి తెలుసుకుని వెళ్లడం మంచిది.

పన్నెండున్నరకు హుజూర్‌నగర్ బస్సు, అక్కడ దిగి మిర్యాలగూడ బస్సు. రెండో బస్సులో నిలబడే చోటు దొరకడమే గగనమైంది. దారికి రెండు పక్కలా కాలవ కింద వరి పొట్ట మీద ఉంది. ఒక ముసలమ్మ తన గంప నా పాదాల మీద పెట్టి, "జర ఓర్సుకో బిడ్డా, దిగంగనే తీస్త" అని, దిగే దాకా తియ్యలేదు.

మూడు గంటలకు మిర్యాలగూడలో దిగి, స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో సంచి పడేశాను. గది చిన్నదే, కానీ దుప్పటి ఉతికినది. శంకర్ చెప్పిన గుర్తుల ప్రకారం, అండాలు పనిచేసే బాయిల్డ్ రైస్ మిల్లు ఊరి చివర ఉంది. ఆటోలో వెళ్లాను. ఉడికిన వడ్లు ఎకరం నేల మీద పలచగా పరిచి ఉన్నాయి. ఆడవాళ్లు వాటి మధ్య పాదాలు ఈడుస్తూ నడుస్తున్నారు. వాళ్ల కాళ్ల వెంట గింజలు చాళ్లుగా తిరగబడుతున్నాయి. ఆవిడను నేను గుర్తుపట్టలేదు. అడిగితే చూపించారు.

నీడన నిలబడి నేనెవరో చెప్పాను. అండాలు కొంగుతో ముఖం తుడుచుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది. యాభై దాటి ఉంటాయి.

"నువ్వేనా? ఎవరో పెద్ద మనిషి అనుకున్న. గింతేనా?"

పక్కనున్న ఆడవాళ్లు నవ్వారు. నేను బస్సులో కూడబలుక్కున్న మాటలు అప్పజెప్పాను. తప్పు రాశానని, క్షమించమని, అదే పత్రికలో సవరణ రాస్తానని, "అండాలమ్మ గారు తాగరు" అని స్పష్టంగా అచ్చు వేయిస్తానని అన్నాను.

ఆవిడ ముఖం మారింది.

"తాగనని ఎవరు జెప్పిండ్రు నీకు?"

ఎవరూ చెప్పలేదని, నేనే అనుకున్నానని అన్నాను.

"మాది కల్లు గీసే గౌండ్లోళ్ల ఇల్లు. కల్లు తాగని ఆడిది మా ఇండ్లల్ల ఎవరుంటరు? నేను తాగుత. మా అత్త తాగేది. పండుగొస్తే అందరం కూసుండి తాగుతం. గదేమన్న తప్పా? అప్పుడొక అబద్ధం రాస్తివి. ఇప్పుడు ఇంకో అబద్ధం రాస్తవా?"

"మరి... నేను చేసిన తప్పేమిటమ్మా?"

ఆవిడ గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. అప్పుడు చెప్పింది. ఆవిడ భర్త సత్తయ్య కల్లు గీయడానికి తాటిచెట్లు ఎక్కేవాడు. ఒక వానపొద్దు నడుముకు కట్టిన మోకు తెగి చెట్టు మీది నుంచి పడి చచ్చిపోయాడు. బతుకుదెరువుకు ఆవిడ వైన్‌షాపు పక్కన పొయ్యి పెట్టుకుంది. అక్కడికి వచ్చి తాగేవాళ్లలో సగం మంది సత్తయ్య చేతి కల్లు తాగినవాళ్లే. చచ్చిపోయిన మనిషికి మొదటి గుక్క నేల మీద ధారగా పోయడం వాళ్ల ఆచారం. దాన్ని సాక అంటారు. సిమెంటు గచ్చు మీద, చెప్పుల మధ్య పోయడం ఇష్టం లేక, వాళ్లు ఆవిడ గిన్నెలో పోసేవాళ్లు. పొద్దుగూకాక ఆవిడ ఆ గిన్నె తీసుకెళ్లి, గోడ వెనుక మట్టి మీద, భర్త పేరు తలుచుకుని పోసేది.

"కల్లు పోసెటోనికి బీరు పోసుడేందని ఒగలిద్దరు నవ్వేటోళ్లు. ఏది తాగేటోళ్లు గదే పోస్తరు గద. నువ్వు రాసింది గదే. సచ్చినోని వాటా పెండ్లామే తాగుతుందని రాసినవ్. నేను తాగుతనంటే నాకేం సిగ్గు లేదు. గాయన నోటి కాడిది తాగిన్నంటివి."

తొమ్మిదేళ్లుగా నేను రాసిన వాక్యం ఏమిటో నాకే తెలియదు. ఆడమనిషి తాగుతుందని చెప్పడమే అవమానం అనుకుని, ఆ అవమానాన్ని తుడవడానికి వచ్చాను. కళ్లు ఎర్రగా ఎందుకున్నాయని అడిగాను. "పొయ్యి ముంగట కూసుంటే తెల్లగుంటయా?" అంది.

ఆ మాట ఊరంతా పాకాక, మరిది యాదగిరిని కల్లుగీత సంఘంలో వాళ్లు ఆట పట్టించారట. "మీ అన్నకు పోసింది మీ వదిన తాగుతదంట గదరా" అని. అప్పటినుంచి పెత్రమాసకు, అంటే పెద్దలకు పెట్టుకునే అమావాస్యకు, ఇంటికి పిలవడం మానేశాడు. సత్తయ్య పేరున ఆ రోజు సాక పోసేది యాదగిరి ఒక్కడే. భార్య బతికుండి కూడా ఆ గడప బయటే ఉంటుంది.

"ఈసారి పెత్రమాసకు నా చేత్తోని పోయాలె సారూ. గంతే. నువ్వు ఏడ్సుకుంటవో, పత్రికలనే రాసుకుంటవో, నాకు దెల్వదు. మా మరిదికి జెప్పు." మళ్లీ వడ్ల మధ్యకు వెళ్లిపోతూ వెనక్కి తిరిగింది. "మల్ల రాస్తే జర అడిగి రాయి."

అందుకని అడగడానికి సాయంత్రం వైన్‌షాపుకు వెళ్లాను. చేపల పొయ్యి ఉన్న చోట ఇప్పుడు సెల్లారుకు దిగే మెట్లున్నాయి. దుకాణాయన నన్ను గుర్తుపట్టి, కుర్చీ వేసి, చల్లటి సీసా తెప్పించాడు. నా వ్యాసాన్ని పత్రికలోంచి కత్తిరించి, గోడకు అంటించి, మద్యనిషేధం వచ్చేదాకా ఉంచానని గొప్పగా చెప్పాడు. చదువు రానివాళ్లకు తనే చదివి వినిపించేవాడట.

"గిన్నెలో బీరు ఆవిడ తాగేదా?" అని అడిగాను.

"తాగుడా? లేదు లేదు. రోజు పొద్దుగూకంగ గా గోడెనుక పోసేది. గాడ మన్ను ఎప్పుడూ బీరు వాసనే. చీమలు బార్లు బార్లు."

"మరి నేను రాసింది అబద్ధమని తెలిసి కూడా..."

"తెలుసు సారూ. గని మా దుకాణం బీరే మూడూర్లల్ల ఫస్టని రాసిండ్రు గద. సగం కోసి సగం అంటిస్తరా?"

ఆయన మంచి మనిషే. చేపల వేపుడు కూడా తెప్పించాడు. సీసా చాలాసేపు నా ముందు చెమట పోసింది. తెరవకుండానే లేచాను.

ఆదివారం ఉదయం ఏడింటికి త్రిపురారం దారిలో యాదగిరి కల్లు మండువకు వెళ్లాను. మండువ అంటే తాటిచెట్ల కింద కల్లు పోసే చోటు. నాలుగు బల్లలు, ఒక పాక, దూరంగా కాలవ. అప్పటికే ఏడెనిమిది మంది ఉన్నారు. యాదగిరి మోకు నడుముకే ఉంది. తాటాకు డొప్ప చేతికిచ్చి, కుండలోంచి కల్లు వంచాడు. పోసేముందు రెండు చుక్కలు నేల మీదికి చిలకరించాడు. అది ఇప్పుడు నా కంటికి కనపడింది. 1989లో ఈ ఊళ్లలో నేను కల్లు తాగలేదు. కల్లు నాటు సరుకని, బీరు నాగరికమని నా ఉద్దేశం. ఒక్క పూట ఇక్కడ కూర్చుని ఉంటే ఆ గిన్నె ఏమిటో ఎవరూ చెప్పకుండానే తెలిసేది.

నేనెవరో చెప్పి, జరిగింది చెప్పాను. దుకాణాయన మాట కూడా చెప్పాను. యాదగిరి కుండ మీద చెయ్యి ఉంచి అంతా విన్నాడు.

"మా వదిన తాగలేదని నాకు దెల్వదా సారూ?"

"తెలుసా?"

"మా అన్న పేరు తీస్తె కండ్లల్ల నీళ్లు తిరిగే మనిషి. ఎట్ల తాగుతది? గని గాడ సంఘం కాడ నల్గురు నవ్వంగ నేనేం జెప్పాలె? అచ్చుల పడ్డది, నువ్వు కాదంటే అయిపాయెనా అన్నరు. నా నోటికి ఇలువ లేకపాయె."

బల్ల మీదున్న ఒకతను, "పత్రికల అబద్ధమెందుకు ఏస్తరు బావా?" అన్నాడు.

"ఇదిగో, వేసినవాణ్ణి నేను. అబద్ధమని నేనే చెబుతున్నాను కదా" అన్నాను.

అతను, "నువ్వే రాసినవని ఏం నమ్మకం?" అన్నాడు. అందరూ నవ్వారు. నిజంగానే నా దగ్గర ఆ వ్యాసం లేదు. ఉన్నా, నన్నూ దాన్నీ కలిపి చూపించే ఆధారం అక్కడ నా చేతిలో లేదు. నా సొంత అబద్ధాన్ని కాదనడానికి నా నోరు చాలలేదు.

నవ్వులు అణిగాక యాదగిరి నన్ను కాలవ గట్టు దాకా తీసుకెళ్లాడు.

"నేను ఇన్న. నమ్మిన. గని నన్ను ఎగతాళి జేసినోళ్లు నోటిమాట ఇనరు. మీరే సూసిండ్రు గద. గప్పటి లెక్కనే అచ్చుల ఏసి తెండి. సంఘం పాకల అందరి ముంగట సదివిస్త. గా రోజే పోయి వదిన్ని తోల్కొస్త."

"పెత్రమాసకు ముందే వస్తుంది" అని మాటిచ్చాను. డొప్పలో మిగిలిన కల్లు తాగాను. పుల్లగా, కొంచెం తీపిగా ఉంది. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు.

పదకొండుకు స్టేషన్‌కు వచ్చాను. సికింద్రాబాదు ప్యాసింజరు ఆలస్యంగా వచ్చింది. కిటికీ పక్కన చోటు దొరికింది. ఎదుటి సీటులో ఒక మెడికల్ రిప్రజెంటేటివ్, మెడలో టై వదులు చేసుకుని, "సార్, మీరీ ఊరి వాళ్లా? ఇక్కడ బీరు ఎక్కడ బాగుంటుంది? వచ్చేవారం మళ్లీ రావాలి" అని అడిగాడు. తొమ్మిదేళ్ల కిందటి నేను వెంటనే జవాబు చెప్పేవాణ్ణి. ఇప్పుడు కొంచెం ఆలోచించాల్సి వచ్చింది. ఫ్రిజ్జులొచ్చాక ఎక్కడైనా చల్లగానే ఉంటుంది. చేపలు మిర్యాలగూడలో ఇంకా బాగున్నాయి, ఉడికించిన పల్లీలకు సూర్యాపేటలో దిగవచ్చు, ఎవరి కంటా పడకుండా తాగాలంటే కోదాడ. ఇదంతా అతనికి చెప్పాను. ఇంకొకటి చెప్పాలనుకుని చెప్పలేకపోయాను, అందుకని ఇక్కడ రాస్తున్నాను. తాగే మనిషికి మంచి ఊరు అంటే, అతను లేచి వెళ్లిపోయాక అక్కడ మిగిలినవాళ్ల బతుకు అతని వల్ల కాస్తయినా చెడని ఊరు. ఆ మంచితనం ఊరు ఒక్కటే ఇవ్వలేదు. సగం వచ్చేవాడు తనతో తెచ్చుకోవాలి.

ఈ యాత్ర గురించి పాఠకులకు నేను చెప్పగలిగింది ఇంతే. మిగిలింది సంఘం పాకలో కూర్చున్నవారికి. చదివి వినిపిస్తున్నవారు దయచేసి ఇక్కడి నుంచి కొంచెం నిదానంగా, గట్టిగా చదవండి.

కీర్తిశేషులు సత్తయ్య గారి భార్య అండాలు, తన భర్త పేరున పోసినదాంట్లో ఒక్క చుక్క కూడా నోట పెట్టలేదు. ప్రతి సాయంత్రం గోడ వెనుక మట్టి మీద పోసింది. తాగిందని ఈ పత్రికలోనే రాసినవాణ్ణి నేను. చూడలేదు, అడగలేదు, నవ్వొచ్చిందని రాశాను. అది అబద్ధం. ఇది అచ్చులో పడింది.

యాదగిరి గారూ, ఇక లేచి వెళ్లండి. ఆవిడ మిల్లులోనే ఉంటుంది.